చూపు లేనివారికి తెర వెలుగుతో పనియేమి?

చెవిటివాని ముందర శంఖ మూదినట్లు, గ్రుడ్డివానికి అద్దము చూపినట్లు అని మనవారు సామెతలు చెప్పుచుందురు. లాప్‌టాపు తెర వెలుగును సవరించుకొనుట అంధ విద్యార్థికి తప్పక నేర్పవలెనని నేనన్నప్పుడెల్ల ఈ రెండవ సామెతయే పలువురికి జ్ఞప్తికి వచ్చుచున్నట్లున్నది. పైకి అనరు గాని చిఱునవ్వు నవ్వుదురు. కన్నులు కానరానివానికి తెర వెలిగిన నేమి, ఆఱిన నేమి యని వారి భావము. అయితే తెర వెలుగు దాని యజమాని కొక్కనికే సంబంధించినది కాదు. ఆ వెలుగునకు వెల చెల్లించువాడు అతడు. దానిని చూచువారు ఇతరులు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

మొదట, చూపు లేనివారు కంప్యూటరును ఎట్లు వాడుదురో యెఱుగని తల్లిదండ్రుల కొఱకు కొంచెము చెప్పెదను. వారి కంప్యూటరు వేఱు జాతి యంత్రము కాదు. మనము దుకాణమున కొనునదియే. దానిలో స్క్రీన్ రీడరు అను నొక కార్యక్రమము నడచుచుండును. తెరపై ఏ యక్షరములున్నవో, ఏ బొత్తాము మీద మనమున్నామో అది పలికి వినిపించును. మౌసుతో పనిలేదు; సర్వము కీబోర్డు మీదనే జరుగును. అలవాటు పడినవారు ఈ పలుకును ఎంత వేగముగా విందురనగా, ప్రక్కనున్న మనకది పిచ్చుకల కిచకిచ వలె నుండునే గాని యొక్క ముక్కయు బోధపడదు.

ఇట్టి కార్యక్రమములలో జాస్ అనునది చిరకాలముగా ప్రసిద్ధి గాంచినది. టెడ్ హెంటరు అను నమెరికా దేశస్థుడు మోటారుసైకిలు పందెములలో పాల్గొనుచుండి, 1978లో జరిగిన కారు ప్రమాదమున చూపు పోగొట్టుకొనెను. పిమ్మట కంప్యూటరు విద్య నభ్యసించి, 1987లో ఒక భాగస్వామితో గూడి కంపెనీ స్థాపించెను. 1989లో జాస్ మొదటి రూపము వెలువడినది. అది వెల పెట్టి కొనవలసినది. బీద విద్యార్థుల కందుట కష్టము. 2006లో ఆస్ట్రేలియా దేశమున మైకేల్ కరన్ అను నంధ యువకుడు ఉచితముగా నెల్లరకు లభించునట్లు ఎన్.వి.డి.ఎ. అను కార్యక్రమమును వ్రాయ నారంభించెను. జేమ్స్ టెహ్ అను మఱియొక అంధుడు అతనితో చేరెను. దానితో గూడ వచ్చు ఈస్పీక్ ఎన్.జి. అను పలుకు సాధనము తెలుగు సైతము చదువును. ఉచ్చారణము ఇనుపగొట్టములోనుండి వచ్చినట్లు కటువుగా నుండును గాని అర్థమగును. మా యంధ విద్యార్థులు వాడునది ఇదియే గనుక, ఈ వ్యాసమున చెప్పునది చాలవఱకు విండోసు లాప్‌టాపునందలి ఎన్.వి.డి.ఎ.ను బట్టియే చెప్పుచున్నాను.

ఇందు గమనింపదగిన సంగతి యొకటి కలదు. స్క్రీన్ రీడరు మనవలె తెరను చూచి చదువదు. ఇది బొత్తాము, దీని పేరు ఇది, ఇది వ్రాతగడి, ఇందు వ్రాసినది ఇది యని విండోసు తనలోపల నుంచుకొను సమాచారము నడిగి తెలిసికొని పలుకును. కావున తెర నూటికి నూరు పాళ్లు వెలిగినను, బొత్తిగా ఆఱిపోయినను దాని పలుకు మాఱదు. చూపున్న మనకు తెర ఆఱిన కంప్యూటరు చచ్చినట్లే. వారికి అది యథాప్రకారము పనిచేయుచుండును.

ఇక తెర ఎట్లు వెలుగునో చూతము. మన తాతలనాటి హరికేను లాంతరును మనస్సునకు తెచ్చుకొనుడు. సాధారణమైన లాప్‌టాపు తెర ఎల్.సి.డి. జాతిది. దాని ముందుభాగమున ద్రవస్ఫటికముల పలుచని పొర యుండును. ఆ పొర తనంతట తాను వెలుగదు. దాని వెనుక సన్నని ఎల్.ఇ.డి. దీపములుండి, వాని కాంతి తెర యంతట సమముగా పఱచుకొనునట్లు అమర్పబడి యుండును. ముందున్న స్ఫటికములు ఒక్కొక్క చుక్క యొద్ద ఆ కాంతిని కొంత పోనిచ్చియు, కొంత అడ్డగించియు బొమ్మను కల్పించును. తెరపై నల్లని యక్షరమనగా అచ్చట దీపము లేదని కాదు; దీపమునకు అడ్డు పడినదని యర్థము.

లాంతరు వెలుగును తగ్గించుటకు రెండు దారులు గలవు. వత్తిని క్రిందికి దింపవచ్చును. లేదా పైన నొక నల్లని గుడ్డ కప్పవచ్చును. వత్తి దింపినచో కిరసనాయిలు మిగులును. గుడ్డ కప్పినచో గది చీకటియగును గాని నూనె యెప్పటివలెనే తఱుగుచుండును. లాప్‌టాపులోను సరిగా ఈ రెండు దారులే యున్నవి. బ్రైట్‌నెస్ అనబడు వెలుగు మట్టమును తగ్గించుట వత్తి దింపుట వంటిది. స్క్రీన్ రీడరులోనుండు స్క్రీన్ కర్టెన్, అనగా తెరపై పరదా వేయుట, గుడ్డ కప్పుట వంటిది. ఎన్.వి.డి.ఎ.లో ఈ పరదా 2019.3 అను సంఖ్యగల కూర్పుతో వచ్చినది. ఆ కూర్పు 2020 ఫిబ్రవరిలో వెలువడినది. జాస్‌లోను, ఆపిల్ కంపెనీవారి వాయిస్‌ఓవరులోను ఇట్టి సౌకర్యమే కలదు.

ఈ భేదము నెఱుగక మోసపోవువారు అనేకులు. పరదా వేసితిమి గదా, ఇక బాటరీ మిగులునని తలంతురు. ఎల్.సి.డి. తెరపై పరదా వేసినను వెనుక దీపము కాలుచునే యుండును. ఇటీవలి కొన్ని యంత్రములలో ఓ.ఎల్.ఇ.డి. అను వేఱు జాతి తెర వచ్చుచున్నది. అందు వెనుక దీపము లేదు; ఒక్కొక్క చుక్కయు తానే వెలుగును, నల్లని చుక్క యాఱియే యుండును. అట్టి తెరపై పరదా వేసినచో కరెంటు కూడ మిగులును. తమ యంత్రము ఏ జాతిదో కొనునప్పుడే యడిగి తెలిసికొనుట మంచిది.

ఎంత మిగులునని విద్యార్థులు అడుగుదురు. లెక్క కట్టి చూతము. ఒక లాప్‌టాపు బాటరీలో 50 వాట్‌గంటల శక్తి నిలువయున్న దనుకొందము. యంత్రమంతయు కలిసి గంటకు 10 వాట్‌గంటలు తినుచున్నదనియు, అందు 4 తెర దీపమునకే పోవుచున్నదనియు అనుకొందము. 50ని 10 చేత భాగింప 5 గంటలు వచ్చును. తెరను కనిష్ఠమునకు దింపి, దాని భాగమును 4 నుండి 1కి తెచ్చినచో మొత్తము 7 అగును. 50ని 7 చేత భాగింప ఇంచుమించు 7 గంటలు. ఇవి లెక్క కొఱకు కల్పించుకొన్న సంఖ్యలే. యంత్రము యంత్రమునకు మాఱును. అయినను చదువుట, వ్రాయుట వంటి తేలిక పనులలో తెర దీపమే పెద్ద ఖర్చులలో నొకటి యనుట నిజము. తాను చూడని దీపమునకై చూపు లేని విద్యార్థి రెండు గంటల చదువును ధార పోయుచున్నాడన్నమాట. పరీక్షల దినములలో, ఉన్న కరెంటు కాస్తయు పోయిన రాత్రి ఈ రెండు గంటలు ఎంతటివో మన గ్రామములవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

కొంతసేపు తాకనిచో తెర దానంతట నది ఆఱిపోవు నేర్పాటు విండోసులో నున్నది గదా యని కొందఱందురు. ఉన్నది. కాని మీట నొక్కగానే తెర తిరిగి వెలుగును. అంధుడు చేయు పనియంతయు మీటలతోనే గనుక, ఆ యేర్పాటు అతనికి చేయు మేలు స్వల్పము.

బాటరీ మాట యటుండనిచ్చి, ఇంతకంటె గొప్ప సంగతిని చెప్పెదను. ఇది మర్యాదకును గౌరవమునకును సంబంధించినది. మనము రైలులో కూర్చుండి యొక యుత్తరము వ్రాయుచున్నప్పుడు ప్రక్కవాడు తొంగిచూచిన, మనకు వెంటనే తెలియును. కాగితమును ప్రక్కకు త్రిప్పుకొందుము, లేదా వానివంక నొకసారి చూతుము. ఆ చూపే చాలును. చూపు లేనివానికి ఈ రక్షణ లేదు. అతడు చెవులలో ఇయర్‌ఫోనులు పెట్టుకొని, తన మాట తనకొక్కనికే వినబడుచున్నదను ధైర్యముతో వ్రాయుచుండును. తెర మాత్రము పెద్ద యక్షరములతో, నిండు వెలుగుతో, పెట్టెలోని వారందఱి యెదుట తెఱచిన పుస్తకమువలె నుండును.

మా పాఠశాలలో చదివి నేడు పట్టణమున కళాశాలలోనున్న ఒక విద్యార్థికి ఇట్లే జరిగినది. అతడు పుట్టుకతోనే చూపు లేనివాడు. సెలవులకు రైలులో ఇంటికి వచ్చుచు తన యన్నకు ఉత్తరము వ్రాయుచుండెను. చెల్లెలి పెండ్లికి చేసిన యప్పును గుఱించిన యుత్తరమది. ప్రక్కన కూర్చున్న పెద్దమనిషి ఉన్నట్టుండి, "ఏమి తమ్ముడూ, నూటికి మూడు రూపాయల వడ్డీయా! అన్యాయము గదా!" అనెను. ఆయన జాలిపడియే అన్నాడు. కాని యా కుఱ్ఱవాడు ఇంటికి వచ్చిన తరువాత నాతో చెప్పిన మాట నేను మఱువలేకున్నాను. "మాస్టారూ, ఆయన మంచివాడే. అయితే ఆయన నోరు తెఱచినాడు గనుక తెలిసినది. నోరు తెఱువక చదివినవారు ఎందఱో నాకెట్లు తెలియును?" అప్పు సంగతి గనుక ఇంతతో పోయినది. బాంకు ఖాతా సంఖ్యయో, వైద్యుడు వ్రాసిన చీటియో, ఉద్యోగమునకు పెట్టుకొన్న దరఖాస్తో అయినచో నేమి యగును? చూపులేనివారికి ఏకాంతమక్కఱలేదని మనము నోటితో అనకపోయినను, మన నడవడి యట్లే యుండును. వారి తెరను చదువుట తప్పని మనలో పెక్కుమందికి తోచనే తోచదు.

కావున పరదా బాటరీని మిగుల్పకపోయినను వ్యర్థము కాదు. దాని ప్రయోజనము దానిదే. నలుగురిలో కూర్చున్నప్పుడు పరదా, ఒంటరిగా నున్నప్పుడు వత్తి దింపుట, ప్రయాణములో రెండును అని మా విద్యార్థులకు చెప్పుచుందును. హాస్టలులో రాత్రివేళ తోటివారు నిద్రించుచుండగా చదువుకొనువానికి గూడ ఇది యక్కఱకు వచ్చును. చీకటిలో చదువగలుగుట వారికున్న యొక సౌకర్యము. ప్రక్క మంచము మీది వాని కన్నులలో తెర వెలుగు కొట్టించి దానిని పాడుచేసికొననేల?

ఇక చేయు విధానము. కీబోర్డు పై వరుసలో ఎఫ్ 1 మొదలు ఎఫ్ 12 వఱకు మీటలుండును. వానిలో రెండింటిపై సూర్యబింబము వంటి గుర్తు ముద్రింపబడి యుండును. ఒకటి వెలుగు తగ్గించును, రెండవది హెచ్చించును. ఒక తయారీలో అవి ఎఫ్ 5, ఎఫ్ 6 కావచ్చును. మఱియొక తయారీలో ఎఫ్ 11, ఎఫ్ 12 కావచ్చును. కొన్నిటిలో క్రింది వరుసనుండు ఎఫ్.ఎన్. అను మీటను పట్టుకొని నొక్కవలెను. ఆ సూర్యబింబము చేతికి తగులదు. నొక్కినప్పుడు తెరపై నొక చిన్న పట్టీ కనబడి మాయమగును గాని, తఱచుగా స్క్రీన్ రీడరు ఏమియు పలుకదు. వెలుగు తగ్గినదో, హెచ్చినదో, అసలు మాఱినదో లేదో వాడుకరికి తెలియదు. చూపున్నవారి కొఱకు చేసిన సదుపాయము చూపులేనివారికి ఎట్లు ఉచ్చుగా మాఱునో దీనిని బట్టి గ్రహింపవచ్చును.

అందుచేత ఆ మీటలను నమ్ముకొనక, పలుకు వినబడు దారిని పోవుట మేలు. విండోసు మీటను పట్టి ఎ అను నక్షరము నొక్కినచో త్వరిత సెట్టింగుల పలక తెఱచుకొనును. ట్యాబు మీటతో ముందుకు పోవగా బ్రైట్‌నెస్ అను జారుడు కడ్డీ వచ్చును. రీడరు దాని పేరును, ప్రస్తుతపు సంఖ్యను పలుకును. ఎడమ బాణము నొక్కిన సంఖ్య తగ్గును, కుడి బాణము నొక్కిన పెరుగును. హోమ్ మీట ఒక్కసారిగా కనిష్ఠమునకును, ఎండ్ మీట నూటికిని తీసికొనిపోవును. మఱొక దారియు గలదు. విండోసు మీటతో ఎక్స్ నొక్కి, పిమ్మట బి నొక్కినచో మొబిలిటీ సెంటరు అను చిన్న కిటికీ తెఱచుకొనును. అందును వెలుగు కడ్డీ యుండును. ఈ రెండవ దారి పాతది, నిరాడంబరమైనది. అందు వెదకవలసిన వస్తువులు తక్కువ గనుక నాకిదియే యిష్టము.

కడ్డీ ముప్పదియని పలికిన తరువాత కూడ వెలుగు దానంతట మాఱుచుండుట కలదు. కొన్ని యంత్రములలో గది వెలుతురును కొలిచి దానిని బట్టి తెరను సవరించు సాధన ముండును. బాటరీ తగ్గినప్పుడు పొదుపు ఏర్పాటు తెరను మఱికొంత దింపును. ఇవి చెడ్డవి కావు గాని, సెట్టింగులలో వీనిని ఒకసారి వెదకి చూచుకొనుట మేలు. బల్లపై పెట్టు కంప్యూటరునకు తగిలించిన వేఱు మానిటరును ఈ కడ్డీ సాధారణముగా లోబఱచుకొనలేదు. అయితే దానికి బాధయేమి? దాని బొత్తాము నొక్కి ఆర్పివేయవచ్చును. లాప్‌టాపునకు వేఱు కీబోర్డు తగిలించుకొని, మూత మూసినను పని యాగకుండునట్లు సెట్టింగు మార్చుకొని వాడువారును గలరు. మూత మూసినచో తెర యాఱును. అయితే కొన్ని యంత్రములు మీటల సందులనుండి వేడిని వెలికి పంపును గనుక మూత మూసి చాలసేపు వాడుట వానికి మంచిది కాదు.

పరదాకు మార్గము సులభము. ఎన్.వి.డి.ఎ. మీట, కంట్రోలు, ఎస్కేపు, ఈ మూడింటిని కలిపి నొక్కవలెను. ఎన్.వి.డి.ఎ. మీట యనగా ఇన్సర్టు మీట. కొందఱు క్యాప్స్‌లాకును ఇందుకు పెట్టుకొందురు. ఒకసారి నొక్కినచో ఆ కార్యక్రమమును తిరిగి ప్రారంభించువఱకే పరదా యుండును. వెంటవెంట రెండు సార్లు నొక్కినచో మనము తీసివేయువఱకు స్థిరముగా నుండును. తెర అంతయు నల్లబడునని అది ముందుగా హెచ్చరించి యడుగును. ఆ హెచ్చరిక నిర్లక్ష్యము చేయదగినది కాదు.

ఏలయనగా, పైని చెప్పిన విద్యార్థియే యొకమాఱు పరదాను స్థిరముగా వేసి, యంత్రమును ఇంట విడిచి పట్టణమునకు పోయెను. తండ్రి దానిని తెఱచి చూడగా తెర నల్లగా నుండెను. పాపము, ఆయన దానిని సంచిలో పెట్టుకొని బాగుచేయు దుకాణమునకు తీసికొనిపోయెను. లోపల విండోసు చెడినది, సర్వము చెఱిపి క్రొత్తగా వేయవలెనని దుకాణదారుడు చెప్పెను. రెండు సంవత్సరముల పాఠముల వ్రాత అందున్నది! అదృష్టవశమున తండ్రి అనుమతికై కుమారునికి ఫోను చేసెను. కుమారుడు ఒక్క ప్రశ్న యడిగెను: "నాన్నగారూ, మొదట కంపెనీ గుర్తు కనబడి, పాస్‌వర్డు కొట్టిన తరువాతనా తెర నల్లబడుచున్నది?" అవునని తండ్రి చెప్పెను. అయితే దీపము మంచిదే, పరదాయే కారణమని కుమారుడు మీటలు చెప్పి నొక్కించెను. తెర వెలిగినది.

ఈ విచారణక్రమము చూపున్నవారును నేర్వదగినది. యంత్రము మొదలైనప్పుడు గుర్తు కనబడి, తరువాత చీకటియైనచో వెనుక దీపము పనిచేయుచున్నట్లే. మొదటి నుండియే చీకటియైనచో వెలుగు బొత్తిగా దింపబడి యుండవచ్చును, లేదా దీపము నిజముగా చెడి యుండవచ్చును. అప్పుడు చేతిదీపమును తెరకు దగ్గఱగా ఏటవాలుగా పట్టి చూడవలెను. ఎల్.సి.డి. తెరయైనచో, వెనుక దీపము లేకున్నను ముందున్న బొమ్మ లీలగా కనబడును. వెలుగు సున్నకు దింపినప్పుడు కొన్ని యంత్రములలో మినుకుమినుకుమని కొంత కాంతి మిగులును. కొన్నిటిలో బొత్తిగా చీకటియగును. కావున అంధ వాడుకరి తన యంత్రమునందు సున్న యనగా నేమో చూపున్నవారి నొకసారి యడిగి తెలిసికొని యుండవలెను.

ఎవరును ప్రక్కన లేనప్పుడు తెర వెలుగును చెవితో తెలిసికొనుటకు వీలున్నదా? ఉన్నది. మైక్రోసాఫ్టువారు 2017లో వెలువరించిన సీయింగ్ ఏఐ అను ఫోను కార్యక్రమమున వెలుతురును ధ్వనిగా మార్చు భాగము గలదు. ఫోను కెమెరాను తెరవైపు త్రిప్పినచో, వెలుగు హెచ్చిన కొలది స్వరము హెచ్చును, తగ్గిన కొలది మందగించును. ఇది నేటి వింతయని తలపకుడు. 1873లో విలోబీ స్మిత్ అను నాంగ్లేయుడు సెలీనియము అను మూలకముపై వెలుగు పడినప్పుడు అందు కరెంటు సుళువుగా ప్రవహించుచున్నదని ప్రకటించెను. ఆ గుణము నాధారము చేసికొని, 1912లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున ఫూర్నియే డాల్బ్ అను శాస్త్రజ్ఞుడు ఆప్టోఫోను అను యంత్రమును నిర్మించెను. దానిని పట్టుకొని అంధులు గదిలో కిటికీ యెటు ఉన్నదో శబ్దమును బట్టి పసికట్టగలిగిరి. తరువాత దానిని మార్చి అచ్చక్షరములను స్వరములుగా వినిపించునట్లు చేసెను. 1918లో మేరీ జేమ్సన్ అను నంధ యువతి లండనులో దానితో బహిరంగముగా చదివి చూపెను. అందుచేత తన తెర వెలుగుచున్నదా లేదా యని ఫోనును త్రిప్పుచు వినుచున్న మన విద్యార్థి శతాబ్దమునకు పైబడిన పరంపరలో నొకడు.

పరదాకును వత్తికిని మఱొక భేదము గలదు. దీనిని చెప్పక విడువరాదు. వెలుగు సున్నకు దింపినను తెరపై బొమ్మ బొమ్మగానే యుండును. దానిని స్క్రీన్‌షాటు తీసినచో స్పష్టముగా వచ్చును. పరదా వేసినప్పుడట్లు కాదు. విండోసులోని భూతద్దపు సాధనముల సాయముతో చిత్రమునే నల్లబఱచుట చేత స్క్రీన్‌షాటు సరిగా రాదు. బొమ్మలోని యక్షరములను గుర్తించి చదువు ఓ.సి.ఆర్. అను పనియు పరదా వెనుక సాగదు. బొమ్మరూపముననున్న ప్రశ్నపత్రమును చదివించుకొనవలెనన్న ముందు పరదా తీయవలసినదే. విండోసు భూతద్దమును రంగులు తాఱుమాఱు చేసి వాడుచున్నప్పుడు పరదా వేయుట గూడ సాధ్యపడదు.

భూతద్దము పేరు వచ్చినది గనుక, కొంచెము చూపున్నవారిని గుఱించి రెండు మాటలు. అంధులన్నంతనే కటికచీకటి యని మనము తలంతుము. మన దేశపు 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము అట్లు చెప్పలేదు. మేలైన కంటిలో అద్దములు పెట్టిన పిమ్మటను చూపు 3/60 కంటె తక్కువయైనను, దృష్టిక్షేత్రము 10 డిగ్రీలకంటె తక్కువయైనను అంధత్వముగానే ఎంచబడును. అనగా అంధులని వ్రాయబడినవారిలో వెలుగునీడలు తెలిసినవారు అనేకులుందురు. వీరిలో కొందఱికి తెర వెలుగు ములుకువలె గ్రుచ్చుకొనును. పుట్టుకతో తెల్లని చర్మమును వెండ్రుకలును గలవారికిని, కంటిలో నల్లగ్రుడ్డు చుట్టునుండు పొర లేనివారికిని ఇది మఱింత బాధ. తలనొప్పియని పిల్లవాడు చెప్పినప్పుడు చదువెగవేయుటకై చెప్పుచున్నాడని కోపపడకముందు తెర వెలుగును దింపి చూడుడు. మఱికొందఱికి, దీనికి విరుద్ధముగా, నిండు వెలుగుంటేనే అక్షరము కొంత కనబడును. ఇంత యుండవలెనని మనము నిర్ణయింపరాదు. కడ్డీని వారి చేతికే విడువవలెను.

తల్లిదండ్రులకును, తోటి యుపాధ్యాయులకును ఒక మనవి. తెర నల్లగా నున్నదని చెప్పి అడుగకయే వారి యంత్రమును లాగుకొని మీటలు నొక్కకుడు. స్క్రీన్ రీడరు నడచుచున్నప్పుడు మీటల యర్థమే మాఱి యుండును. మనము నొక్కినది మఱెక్కడనో తగిలి వారు వ్రాసినది చెడిపోవచ్చును. "తెర చూడవచ్చునా?" యని యడిగిన, వారే వెలుగు హెచ్చించి చూపుదురు. వీడియో సమావేశములలో మాత్రము మనమే ముందుగ నొక మాట చెప్పవలెను. రాత్రివేళ గదిలో దీపము వేయకయే కూర్చున్న అంధ విద్యార్థి ముఖము అవతలివారికి కనబడదు. అతనికి ఆ సంగతి తెలియదు. గది దీపము వేయుమని చెప్పుటలో తప్పులేదు.

ఆ విద్యార్థి యిప్పుడును సెలవులలో నా వద్దకు వచ్చుచుండును. తన వ్యాసము దిద్దుమని యంత్రము నిచ్చునప్పుడు మొదట పరదా తీసి, వెలుగు కడ్డీకి పోయి ఎండ్ మీట నొక్కి, నూఱు అని పలుకు వినబడిన పిమ్మటనే దానిని నావైపు త్రిప్పును. తిరిగి తీసికొన్నప్పుడు హోమ్ మీట నొక్కును. అది సున్న యనును.